ఉప్పు దారిలో మూడు రోజులు: ఆల్ప్స్ కనుమ నుంచి లిగూరియా తీరం దాకా గ్రావెల్ సైకిల్ మీద

ఇటలీలో లిమోనే నుంచి మోనేసి దాకా ఉన్న మట్టి దారి పొడవు 39 కిలోమీటర్లని తెలిసిన రోజున నేను కాగితం మీద ఒక లెక్క వేసుకున్నాను. తూరిన్ నగరం బయట పో నది ఒడ్డున ఉన్న కంకర బాటల్లో నేను గంటకు 18 కిలోమీటర్లు తొక్కుతాను. ఇది కొండ దారి కనుక అందులో సగమే వేసుకుందాం. నాలుగున్నర గంటల్లో ఆ భాగం పూర్తవుతుంది. చీకటి పడేలోగా మధ్యధరా సముద్రం కనిపించే ఏదో ఒక ఊళ్ళోకి దిగిపోవచ్చు. నా వెంట రావడానికి ఒప్పుకున్న స్నేహితుడికి ఈ లెక్క చూపిస్తే అతను చాలాసేపు చూసి, "అన్నా, ఇందులో రాళ్ళ లెక్క లేదు" అన్నాడు. గుంటూరు నుంచి వచ్చి తూరిన్‌లో పరిశోధన చేస్తున్న అతను నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నాకు తమ్ముడిలాంటివాడు, కొండ దారుల్లో నాకంటే చాలా అనుభవం ఉన్నవాడు. అతని మాట విని ఒక్క రోజు ప్రయాణాన్ని మూడు రోజులకు పెంచాను గానీ, టైర్ల విషయంలో మాత్రం వినలేదు. దాని ఫలితం ముందుముందు చెబుతాను.

ఈ దారిని అక్కడివారు ఆల్తా వియా దెల్ సాలె అంటారు. ఎత్తున సాగే ఉప్పు దారి అని అర్థం. ఇటలీ వాయవ్య మూలలో, ఫ్రాన్స్ సరిహద్దును అటూ ఇటూ దాటుతూ, సముద్ర మట్టానికి 1,800 నుంచి 2,100 మీటర్ల ఎత్తున కొండ నెత్తి మీదుగా ఇది సాగుతుంది. ఇది ఉన్న కొండలకూ లిగూరియా సముద్రానికీ మధ్య దూరం పక్షి ఎగిరితే ఎంతో ఉండదు. ఉప్పు సంగతి మొదట నాకు చెప్పింది మా ఇంటి యజమానురాలు. ఎనభై దాటిన ఆ పెద్దావిడ నేను తూరిన్ వచ్చిన మొదటి చలికాలంలో బాన్య కౌదా వండి పిలిచింది. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఉప్పులో ఊరవేసిన అంచోవీ చేపలు కలిపి సన్న సెగ మీద కరిగించి, అందులో కూరగాయల ముక్కలు ముంచుకుని తినే వంట అది. తూరిన్ ఉన్న, సముద్రమే లేని పీడ్‌మాంట్ ప్రాంతపు సొంత వంటకంలో చేప ఎలా వచ్చిందని నేను అడిగితే, ఉప్పూ నూనే చేపా అన్నీ లిగూరియా తీరం నుంచి కంచరగాడిదల వీపుల మీద కొండ దాటి వచ్చినవేనని చెప్పి, "ఆ దారిలో వెళ్తే నాకు అక్కడి అంచోవీలు పట్టుకురా" అంది.

నిజానికి ఇప్పుడు మనం తొక్కే దారి ఉప్పు వర్తకులు వేసింది కాదు. వాళ్ళు లోయ నుంచి కనుమ ఎక్కి అవతలి లోయలోకి దిగిపోయేవారు. కొండ నెత్తి మీద అడ్డంగా కిలోమీటర్ల కొద్దీ తిరగవలసిన పని వాళ్ళకు లేదు. ఆ పని సైన్యానిది. 19వ శతాబ్దం చివరి దశకాలలో ఇటలీ ప్రభుత్వం ఫ్రాన్స్ దాడికి భయపడి లిమోనే పైన ఉన్న తెండా కనుమ చుట్టూ కోటలు కట్టించింది, వాటికీ సరిహద్దు కాపలా స్థావరాలకూ ఫిరంగులు, సరుకులు చేరడానికి ఈ బాటలు తొలిపించింది. పేరు ఉప్పుది, పని ఫిరంగిది. ఈ తేడా చరిత్రకారులకే కాదు, సైకిల్ తొక్కేవాడికి కూడా ముఖ్యమని నాకు మూడో రోజు గాని అర్థం కాలేదు.

ప్రయాణానికి 2023 సెప్టెంబరులో ఒక మంగళవారాన్ని ఎంచుకున్నాం. మంగళ, గురువారాలలో ఈ దారిలోకి మోటారు వాహనాలను రానివ్వరు. మిగిలిన రోజుల్లో రుసుము కట్టించుకుని జీపులనూ మోటారు సైకిళ్ళనూ వదులుతారు. వాటి వల్ల ప్రమాదం కన్నా దుమ్ము ఎక్కువ. సున్నపురాయి పొడి గొంతులోకి పోతే ఎలా ఉంటుందో నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. నేను పెరిగింది అప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని బేతంచర్లలో, నాపరాళ్ళు కోసే మిల్లుల మధ్య. మంచు కరిగే దాకా, అంటే జూన్ చివరి దాకా, దారి సాధారణంగా తెరుచుకోదు. అక్టోబరు గడిస్తే మళ్ళీ మూతపడుతుంది. సెప్టెంబరులో జనం తగ్గుతారు, పగలు ఇంకా పొడుగ్గానే ఉంటుంది, కొండ మీది విడిదిలో మంచాలు దొరుకుతాయి.

సైకిల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నాది రెండు చేతులు మారిన గ్రావెల్ సైకిల్. చూడటానికి రోడ్డు పందేల సైకిల్‌లాగే కిందికి వంగిన హ్యాండిల్ ఉంటుంది గానీ, లావు టైర్లు పట్టేంత ఖాళీ, డిస్కు బ్రేకులు, తేలిక గేర్లు ఉంటాయి. ముందు పళ్ళచక్రానికి 40 పళ్ళు, వెనుక అన్నిటికంటే పెద్ద చక్రానికి 42. అంటే అతి తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు ఒక చుట్టు తిరుగుతుంది. ఖాళీ సైకిల్‌కు అది చాలు. ఏడెనిమిది కిలోల సంచులు కట్టిన సైకిల్‌తో వదులు రాళ్ళ మీద ఎక్కడానికి చాలదు. మా తమ్ముడు ముందు 30 పళ్ళ చక్రం వేయించుకున్నాడు. టైర్లు కూడా 45 మిల్లీమీటర్ల వెడల్పు, పక్కలు మందంగా ఉన్నవి వేసుకున్నాడు. మా పేటలోని సైకిల్ మెకానిక్ నాకూ అదే చెప్పాడు. ఉన్న 40 మిల్లీమీటర్ల టైర్లు ఇంకా బాగానే ఉన్నాయి కదా, కొత్తవాటికి డబ్బు దండగ ఎందుకని నేనే వద్దన్నాను.

సోమవారం సాయంత్రం తూరిన్ నుంచి రైలులో కూనెయో మీదుగా లిమోనే చేరాం. ఇటలీలో ప్రాంతీయ రైళ్ళలో చాలావాటిలో సైకిల్‌ను విడదీయకుండానే ఎక్కించుకోవచ్చు; సైకిల్ బొమ్మ వేసిన పెట్టె ఎక్కడ ఆగుతుందో చూసుకుని నిలబడాలి. 1,009 మీటర్ల ఎత్తున ఉన్న లిమోనే ఆ సాయంత్రం వింతగా ప్రశాంతంగా ఉంది. 2020 అక్టోబరు మొదట్లో వచ్చిన అలెక్స్ తుఫాను అవతలి వైపు రోయా లోయను చీల్చివేసినప్పుడు, 1882లో తెరిచిన తెండా రోడ్డు సొరంగానికి ఫ్రాన్స్ వైపు దారే కొట్టుకుపోయింది. మేము వెళ్ళేనాటికి ఆ సొరంగం ఇంకా మూసే ఉంది. ఒకప్పుడు నీస్ నగరానికి వెళ్ళే వాహనాలు వరుస కట్టిన రోడ్డు అప్పటికి ఒక ఊరి దగ్గర ఆగిపోయిన సందులా మారిపోయి ఉంది.

మంగళవారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. ఇంత పొద్దున్నే ఎందుకంటే, ఈ కొండలు సముద్రానికి మరీ దగ్గర కావడం వల్ల పగలు వేడెక్కేకొద్దీ తేమ గాలి లోయల వెంట పైకి లేచి మధ్యాహ్నానికల్లా నెత్తి మీద పొగమంచై కూర్చుంటుంది. ఒక్కోసారి ఉరుములతో వాన పడుతుంది. కనుమ దాకా పాత తారు రోడ్డు మలుపులు మలుపులుగా ఎక్కుతుంది. దాని గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. స్కీయింగ్ తీగల స్తంభాలు, మూసిన హోటళ్ళు, ఆవుల మెడగంటలు. రెండున్నర గంటల్లో పైకి చేరాం.

తెండా కనుమ ఎత్తు 1,871 మీటర్లు. అక్కడ తారు పోయి రాయి మొదలవుతుంది. కనుమకు పైన బూడిద రంగులో పెద్ద కోట ఒకటి నిలబడి ఉంది, కప్పులు కూలి, కందకంలో గడ్డి మొలిచి. ఫోర్ట్ సెంత్రాల్ అనే ఆ కోటను ఫ్రాన్స్ మీద గురిపెట్టి ఇటలీ కట్టింది. 1947లో పారిస్ శాంతి ఒప్పందం ప్రకారం ఈ ప్రాంతం ఫ్రాన్స్‌కు పోవడంతో, ఎవరిని ఆపడానికి కట్టారో వాళ్ళకే కోట దక్కింది. దక్షిణం వైపు తొంగి చూస్తే కనుమ నుంచి రోయా లోయలోకి పాత మట్టి దారి నలభైకి పైగా మలుపులతో దిగడం కనిపించింది. పైనుంచి చూస్తే ఎవరో జంతికల గొట్టంతో తీరిగ్గా పిండినట్టుంది. అటు దిగాలని నా మనసు లాగింది గానీ, మా దారి తూర్పుకు.

కోటల దగ్గర నుంచి బొవారియా కనుమ దాకా ఉన్న భాగం గురించి ఎంత చెప్పినా తక్కువే. కొండ అంచును తొలిచి, కిందనుంచి రాతి గోడలు పేర్చి నిలబెట్టిన బాట. ఎడమ చేతి వైపు రాయి, కుడి చేతి వైపు గాలి. చాలా చోట్ల పిట్టగోడ లేదు. ఒక మలుపు దగ్గర బాట మొత్తం పేర్చిన రాతి గోడ మీదే కొండకు దూరంగా చేయి చాపినట్టు బయటికి వచ్చి మళ్ళీ తిరుగుతుంది. అయినా వాలు ఎక్కడా కాళ్ళను చంపేయదు. బరువు లాగే గాడిదలకూ ఎద్దులకూ ఒకే తీరు వాలు కావాలి కనుక, ఈ బాట వేసిన ఇంజనీర్లు మీటరు ఎత్తు కూడా వృథాగా పోనివ్వలేదు; దిగి మళ్ళీ ఎక్కించే పని పెట్టలేదు. ఊపిరి ఇబ్బంది లేదు, తొడలు బాగానే ఉన్నాయి, వేగం మాత్రం గంటకు ఏడు కిలోమీటర్లు. ఎందుకంటే కింద ఉన్నది మన ఊళ్ళలో రోడ్డు వేసే ముందు పరిచే కంకరలాంటిది కాదు. ఒకప్పుడు చదునుగా పరిచిన రాతి పలకలు వందేళ్ళ మంచుకూ నీటికీ విరిగి, పిడికెడంత ముక్కలుగా, పదునైన అంచులతో వదులుగా పడి ఉన్నాయి. ప్రతి గజానికీ ముందు చక్రాన్ని ఎటు పెట్టాలో నిర్ణయించుకోవాలి. మధ్యలో గడ్డి మొలిచిన కట్ట కన్నా చక్రాల గాడి నున్నగా ఉంటుందని అనుకుంటాం; కానీ వదులు రాళ్ళన్నీ దొర్లి చేరేది గాడిలోకే. సగం రోజు గడిచాక గాని కట్ట మీదికి మారాలని నాకు తోచలేదు.

నా టైరు కోసుకుపోయింది సరిగ్గా అలాంటి గాడిలోనే. ట్యూబ్ లేని టైర్లలో పాలలాంటి జిగురు ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే అది బయటికి వచ్చి గడ్డకట్టి చిల్లు మూసేస్తుంది. ముల్లుకు అది మందు. సున్నపురాయి అంచు టైరు పక్క భాగాన్ని వేలి కణుపంత చీలిస్తే దానికి అది మందు కాదు. తెల్లటి ద్రవం నా కాలి మీదికీ సంచి మీదికీ చిమ్ముతుంటే మా తమ్ముడు దిగి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా సంచి విప్పాడు. ఆ మౌనం నాకు ఇంకా గుర్తుంది. చీలికలోంచి ట్యూబ్ బయటికి ఉబ్బకుండా లోపల ఏదైనా గట్టిది పెట్టాలి. బేతంచర్లలో మా వీధి చివరి సైకిల్ షాపాయన పాత టైరు ముక్క కోసి లోపల పెట్టేవాడు, దానిని గేటర్ వేయడం అనేవాళ్ళం. పది రూపాయల పని. ఇక్కడ పాత టైరు లేదు. ఖాళీ అయిన టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తిరించి కడిగి తెచ్చుకున్న ముక్క అతని దగ్గర ఉంది. దాన్ని లోపల అతికించి ట్యూబ్ ఎక్కించాలంటే ముందు పాత వాల్వు తీయాలి, దాని చిన్న నట్టు జిగురుకు బిగుసుకుపోయి వేళ్ళకు రాలేదు. చిన్న పటకారు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్ళేవాణ్ణి. మొత్తం యాభై నిమిషాలు పట్టింది. ఆ నట్టును ఇంటి దగ్గరే ఒకసారి వదులు చేసి చూసుకోవాలన్నది నేను ఎవరికైనా ఇచ్చే మొదటి సలహా.

ఆ యాభై నిమిషాల్లో నీళ్ళు కూడా సగం తాగేశాం, అదే రెండో తప్పు. బొవారియా కనుమ దాటాక దారి మార్గ్వరేయిస్ పర్వత సమూహంలోకి ప్రవేశిస్తుంది. 2,651 మీటర్ల మార్గ్వరేయిస్ శిఖరం చుట్టూ ఉన్నదంతా సున్నపురాతి భూమి. తెల్లటి రాళ్ళ మైదానాలు, మధ్యలో గరాటుల్లాంటి గుంటలు, బావుల్లా నోరు తెరిచిన బిలాలు. ఎంత వాన పడినా, ఎంత మంచు కరిగినా నీరు పైన నిలవదు. పగుళ్ళలోంచి లోపలికి దిగి భూగర్భంలో పదుల కిలోమీటర్ల గుహల్లో పారుతుంది. బెలుం గుహలు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. కొలిమిగుండ్ల దగ్గర నేల మీద చెట్టుకు కూడా తడి లేని చోట, కింద నీరు తొలిచిన మూడు కిలోమీటర్లకు పైగా పొడవైన గుహ ఉంది. రాయి ఒకటే, లక్షణం ఒకటే. అయినా ఆ లక్షణం తెలిసినవాణ్ణే ఒక్కొక్కరికి రెండు లీటర్లు చాలునని ఎందుకు అనుకున్నానో నాకు తెలియదు. చుట్టూ ఇంత పచ్చిక, ఇన్ని గొర్రెలు ఉంటే ఎక్కడో ఊట ఉండకపోతుందా అనిపించింది కాబోలు. తెండా కనుమ నుంచి విడిది దాకా మూడు లీటర్లు తప్పనిసరి.

మధ్యాహ్నం రెండు దాటాక అనుకున్నట్టే పొగమంచు లేచింది. పది నిమిషాల కిందట కనిపించిన లోయ లేదు, ఎదుటి మలుపు లేదు, గంటల చప్పుడు మాత్రం ఎటు నుంచో వస్తోంది. ఆవుల గంటలనుకున్నాం. ఉన్నట్టుండి తెల్లటి ఆకారాలు రెండు మంచులోంచి ఊడిపడ్డట్టు ఎదురుగా వచ్చి మొరగడం మొదలుపెట్టాయి. తోడేళ్ళు మళ్ళీ ఈ కొండల్లోకి వచ్చినప్పటి నుంచి గొర్రెల మందలకు పెద్ద తెల్ల కాపలా కుక్కలను పెడుతున్నారు. "అన్నా, దిగు. తొక్కకు, దిగు" అని మా తమ్ముడు నెమ్మదిగానే అన్నాడు. సైకిల్ దిగి, దాన్ని కుక్కకూ మనకూ మధ్య ఉంచుకుని, కేకలు వేయకుండా, వాటి కళ్ళలోకి చూడకుండా, మందకు దూరంగా జరుగుతూ నడవాలి. వేగంగా వచ్చే మనిషిని అవి తోడేలు లెక్కలోనే వేస్తాయి. మేము అలాగే నడిచాం. అవి మందను దాటేదాకా మాతోపాటే మొరుగుతూ వచ్చి, ఇక మా హద్దు అయిపోయిందన్నట్టు ఒకచోట ఆగిపోయాయి. వాటి క్రమశిక్షణకు నాకు ముచ్చట వేసింది గానీ, అది విడిది చేరాక వేసిన ముచ్చట.

డోన్ బర్బేరా విడిది 2,079 మీటర్ల ఎత్తున, సిన్యోరి కనుమ పక్కన ఉంది. సాయంత్రం నాలుగున్నరకు చేరాం. రాళ్ళ భాగంలో మా సగటు వేగం, ఆగిన సమయం కలుపుకుంటే, గంటకు నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. కొండ విడుదుల పద్ధతి తెలియనివారి కోసం ఒక మాట: ముందే ఫోను చేసి మంచం చెప్పుకోవాలి, రాత్రి భోజనమూ పొద్దుటి ఫలహారమూ కలిపి ఒకే ధర ఉంటుంది, దుప్పటి వాళ్ళిస్తారు గానీ లోపల వేసుకునే సంచిలాంటి పలుచని పడకగుడ్డ మనమే తెచ్చుకోవాలి, బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి, రాత్రి ఏడింటికి అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. కూరగాయల సూపు, మొక్కజొన్న పిండితో సంకటిలా చేసే పొలెంతా, జున్ను పెట్టారు. ఆ పొలెంతాను మేము చేత్తో తినబోయి, మిగిలినవాళ్ళను చూసి ఆగాం.

బుధవారం ఆకాశం నిర్మలంగా ఉంది. విడిది నుంచి దారి నవెత్తె అడవిలోకి సాగుతుంది. దేవదారు జాతికి చెందినవే అయినా చలికాలంలో ఆకు రాల్చే లార్చ్ చెట్లు అక్కడివి. చెట్ల నీడలో నేల మెత్తబడింది. మొదటిసారిగా సైకిల్ చేతులకింద వణకకుండా పోయింది. పెద్ద ఉడుతల్లాంటి మార్మోట్లు ఈల వేసి బొరియల్లోకి దూరుతున్నాయి. 2,042 మీటర్ల తనరెల్లో కనుమ దగ్గర సైకిళ్ళు పడుకోబెట్టి గడ్డి గట్టు ఎక్కాం. దక్షిణాన లిగూరియాలోకెల్లా ఎత్తైన సక్కరెల్లో కొండ, దాని పక్కగా దూరాన ఒకదాని వెనక ఒకటి నీలం గట్లు, ఆ చివరి గట్టు పైన గట్టు కాని ఒక చదునైన తెల్లటి పట్టీ. మబ్బేమోనని కాసేపు చూశాం. కదలలేదు. సముద్రమే.

అక్కడి నుంచి మోనేసికి దిగడం ఎక్కడం కన్నా కష్టం. నా అరచేతులు బ్రేకుల మీద మొద్దుబారి, ప్రతి పది నిమిషాలకూ ఆగి విదిలించుకోవలసి వచ్చింది. నిన్నటి గేటర్ పాడవుతుందేమోనని గాలి ఎక్కువ కొట్టాను, దాంతో కుదుపు ఇంకా పెరిగింది. చాలామంది మోనేసిలో ఉప్పు దారి అయిపోయిందని కారెక్కుతారు. మాకు తీరం కావాలి. తారు రోడ్డు మీద పియాజ్జా అనే ఊరి మీదుగా సాన్ బెర్నార్దో గట్టుకు వెళ్ళి, మళ్ళీ మట్టి దారి పట్టి 1,771 మీటర్ల గరెత్సో కనుమ ఎక్కాం. ఇదీ సైన్యం బాటే. పైన రాయిని తొలిచిన చిన్న సొరంగం, లోపల చీకటి, కింద నీటి గుంటలు. ఇటు దూరి అటు తేలితే ఉత్తరపు గడ్డి వాలు పోయి దక్షిణపు ఎండ, ఎండిన మూలికల వాసన.

దారిలోని పల్లెల గురించి ఒక మాట చెప్పాలి. బ్రీగా అనే ఒకే పురపాలక ప్రాంతం కింద, ఒకే యాస మాట్లాడుతూ, ఒకే కొండల మీద గొర్రెలు మేపుకునే ఊళ్ళు ఇవి. 1947లో గీసిన గీత వాటిని చీల్చింది. ప్రధాన ఊరు ఫ్రాన్స్‌కు పోయింది. పియాజ్జా, ఉపేగా లాంటివి పీడ్‌మాంట్‌లో, రెయాల్దో, వెర్దెజ్జా లిగూరియాలో మిగిలాయి. గీత పడింది మనుషులకే గానీ, గొర్రెల పచ్చిక అటూ ఇటూ ఉండనే ఉంది. మేము మాత్రం పాస్‌పోర్టులూ నివాస పత్రాలూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి మోసుకుని తిరిగాం. మూడు రోజుల్లో అడిగినవారు ఒక్కరూ లేరు.

ఆ రాత్రి త్రియోరాలో బస. 1587 నుంచి 1589 వరకు సాగిన మంత్రగత్తెల విచారణల వల్ల పేరుపడ్డ ఈ ఊరు ఇప్పుడు ఆ పేరుతోనే బొమ్మలూ కొవ్వొత్తులూ అమ్ముకుంటోంది. హింసపడ్డ ఆడవాళ్ళను చీపురుకట్ట బొమ్మలుగా వేలాడదీయడం నాకు నచ్చలేదు. త్రియోరా రొట్టె మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంది.

గురువారం అర్జెంతీనా అనే ఏటి లోయ వెంట సముద్రానికి దిగడమే. తారు రోడ్డు మీద హాయిగా పోతే పూట పని. నిన్నటి దారులు ఇచ్చిన ధైర్యంతో, బదలుక్కో దాటాక, పటంలో ఆలివ్ తోటల్లోంచి కనిపించిన గీతల వైపు సైకిళ్ళు తిప్పాను. రెండు వందల మీటర్లు కూడా తొక్కలేకపోయాం. ఇక్కడ కొండ వాలంతా సున్నం గాని సిమెంటు గాని లేకుండా పేర్చిన రాతి గట్లతో మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక్కో మెట్టు మీద నాలుగైదు తజ్జాస్కా రకం ఆలివ్ చెట్లు. ఆ మెట్ల మధ్య బాటలు రైతుకూ అతని గాడిదకూ వేసినవి. తోట చేరడమే వాళ్ళ పని కనుక, దారి సూటిగా కొండ మీదికి పోతుంది. నా మీటరు 20 శాతం వాలు చూపించింది. కోటలకు వేసిన బాట తొమ్మిది వందల మీటర్లు ఎక్కించినా తొడలు కాపాడింది, తోటకు వేసిన బాట అరవై మీటర్లలో నన్ను దింపేసి నడిపించింది. పటంలో రెండూ ఒకే చుక్కల గీత. మా తమ్ముడు తన 30 పళ్ళ చక్రంతో ఇంకొంచెం దూరం తొక్కి, పైన చెట్టు కింద కూర్చుని నా కోసం ఎదురుచూశాడు.

తజ్జా పాత వంతెన దాటి అర్మా చేరితే సముద్రం ఇళ్ళ మధ్య ఒక సందు చివర హఠాత్తుగా ఎదురైంది. ఇక్కడి నుంచి దారి స్వభావం మళ్ళీ మారిపోతుంది. సముద్రపు అంచున ఒంటి పట్టా మీద నడిచిన రైలు మార్గాన్ని 2001లో కొండ లోపలి కొత్త సొరంగాల్లోకి మార్చారు. పాత మార్గాన్ని సాన్ లొరెంజో నుంచి ఓస్పెదలెత్తి దాకా 24 కిలోమీటర్ల సైకిల్ బాటగా చేశారు. రైలుకు వేసిన దారికి ఎత్తూ పల్లమూ ఉండవు. పిల్లలను తోపుడుబండ్లలో తోసుకుంటూ వెళ్ళే వాళ్ళ మధ్య, దుమ్ము కొట్టుకున్న మా సైకిళ్ళు తప్పిపోయి వచ్చినట్టున్నాయి. సాన్‌రెమో దాటాక కాపో నేరో కింది పాత రైలు సొరంగంలో, 1907 నుంచి జరుగుతున్న మిలాన్-సాన్‌రెమో పందెం చరిత్రను గోడల పొడవునా రాశారు. ఆ గెలుపులు చదువుతూ నిదానంగా తొక్కాం. బయట 30 డిగ్రీల ఎండ, లోపల చల్లదనం. ఆ పందెంలో చివరి ఎక్కుడైన పోజ్జో మీదికి కూడా వెళ్దామని నేనన్నాను. 3.7 కిలోమీటర్లు, సగటు వాలు 3.7 శాతం, ఎంత సేపు? "నీ లెక్కలు చాలన్నా" అన్నాడు అతను, రైలు టైము చూపిస్తూ.

సాన్‌రెమోలో అంచోవీల డబ్బా కొన్నాను. స్టేషన్ కొండ లోపల ఉంది; ప్లాట్‌ఫారం చేరడానికి ఎంతకీ తరగని నడవాలో సైకిళ్ళు తోసుకుంటూ వెళ్ళాలి. సవోనాలో రైలు మారి, రాత్రికి తూరిన్ చేరాం. దారిలో డబ్బా మూత సడలి ఉప్పు నీరు కారి, నా సంచి వారం రోజుల పాటు కంపు కొట్టింది. మర్నాడు ఉదయం దాన్ని తీసుకెళ్ళి ఇంటి యజమానురాలి చేతిలో పెట్టాను. ఆవిడ సంతోషంగా అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, డబ్బా తిప్పి అచ్చు అక్షరాలు చదివి, "ఇవి మన వీధి చివరి కొట్టులోనూ ఉన్నాయి నాయనా" అంది. తర్వాత వెల్లుల్లి ఒలవడానికి నన్ను కూర్చోబెట్టింది.